ఆగాల్సిన ఫౌంటెన్

ఆ శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో ఏ వస్తువూ దాని చోట లేదు. స్నానాల గదిలో మగ్గు లేదు, వంటింట్లో గరాటా లేదు, షాంపూ సీసాకు మూత లేదు. నాన్న మీసం సరిచేసుకుందామని చూస్తే కత్తెర కూడా లేదు. అన్నీ వరండాలో తేలాయి. వాటి మధ్య మఠం వేసుకుని కూర్చుంది పిడుగు.

పిడుగు అసలు పేరు కాదు. పుట్టిన రోజున అది పెట్టిన కేకలు విని తాతయ్య పెట్టిన పేరు. ఇప్పుడు పన్నెండేళ్లు వచ్చాయి, ఏడో తరగతిలోకి వచ్చింది, అయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఇవాళ స్కూల్లో సైన్స్ ప్రదర్శన. ఇంట్లో పారేసే వస్తువులతోనే ఏదైనా తయారు చేయాలని మేడమ్ చెప్పింది. పిడుగు ఫౌంటెన్ చేసింది.

మూడు ఖాళీ నీళ్ల సీసాలు, ఒకదాని మీద ఒకటి. పైది సగానికి కోసిన తొట్టి. మధ్యదాని నిండా నీళ్లు. కిందది ఖాళీ. తొట్టిలో నీళ్లు పోస్తే అవి గొట్టంలోంచి కింది సీసాలోకి దిగుతాయి. అక్కడి గాలికి చోటు చాలక ఇంకో గొట్టంలోంచి మధ్య సీసాలోకి ఎక్కుతుంది. ఆ గాలి నెట్టడంతో మధ్య సీసాలోని నీళ్లు ఖాళీ పెన్ను గొట్టంలోంచి పైకి చిమ్ముతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. మధ్య సీసాలో నీళ్లయిపోయేదాకా, అంటే నాలుగు నిమిషాలు ఆడి, దానంతట అదే ఆగిపోతుంది.

ఆ ఆగడమే తాతయ్యకు మింగుడు పడలేదు. ఆయన నలభై ఏళ్లు ప్లంబరు. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆయన చెయ్యి పడని కుళాయి లేదు.

"ఆగిపోయే నీళ్లేం నీళ్లే? నేను బిగించిన కుళాయి నాలుగు నిమిషాలకే ఆగితే ఇంటివాళ్లు ఊరుకునేవాళ్లా?" అనేవాడు.

"ఆగితేనే నిజం తాతయ్యా. ఆగకపోతే లోపల ఏదో ఉన్నట్టే" అనేది పిడుగు.

రెండు వారాలుగా తాతకూ మనవరాలికీ ఇదే పని. స్ట్రాలు అతికించడం, మైనం కరిగించడం, మూతలకు బెజ్జాలు పెట్టడం అంతా పిడుగు చేసింది. కింది సీసా మూతలోంచి రెండు గొట్టాలు వెళ్లే చోటు మాత్రం తాతయ్య ముట్టుకోనివ్వలేదు. అక్కడ గాలి కారితే ఫౌంటెన్ లేదు. "ఆ ఒక్క జాయింటూ నాకొదిలెయ్. నా జాయింటు కారడమంటూ ఉండదు" అన్నాడు. గోడవైపు తిరిగి కూర్చుని, చాలాసేపు తీసుకుని బిగించాడు. ఈమధ్య ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. అదేమంటే చలి అంటాడు. ఎండాకాలంలో కూడా అదే మాట.

ఇక నాన్నది వేరే దారి. ఆయన ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే షాపులో మెకానిక్కు. నిన్న సాయంత్రం నీళ్లు తోడే బొటనవేలంత మోటారు ఒకటి పట్టుకొచ్చాడు.

"పాత బొమ్మలోది. ఇది పెట్టావంటే రోజంతా చిమ్ముతుంది. నీ నాలుగు నిమిషాల బాధే ఉండదు."

"నాన్నా! మోటారు పెడితే ఇంక నా ప్రాజెక్టు ఎందుకు? నీ షాపు బోర్డు తగిలించుకుని పోతా."

"సరే తల్లీ. ఎందుకైనా మంచిది, అలమారలో పెడుతున్నా" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఈ పొద్దున పిడుగు లేచేసరికే కింది సీసా అట్టపెట్టెలోకి వెళ్లిపోయింది. పెట్టె చుట్టూ నీలం కాగితం అంటించి ఉంది, అంచులకు టేపు కూడా పడింది.

"అప్పుడే అంటించేశావా? ఒకసారి ఆడించి చూద్దామనుకున్నా తాతయ్యా."

"వద్దొద్దు. పెట్టె ముట్టుకోకు, జాయింటు కదులుతుంది. స్కూల్లోనే ఆడిద్దాం." తాతయ్య మొహం కడుక్కోవడానికి లేచి వెళ్లాడు.

"ఈ ఇంట్లో టేపంటే మామయ్యగారే వెయ్యాలి. మీరు రిమోట్‌కి చుట్టిన టేపు కొస కోసం నెల నుంచీ గోళ్లు అరగదీసుకుంటున్నా" అంది అమ్మ నాన్నతో, కుట్టుమిషను తొక్కుతూ.

అదీ నిజమే. తాతయ్య ఏ టేపు చుట్టినా చివర అర అంగుళం వెనక్కి మడిచి చిన్న చెవిలా వదిలేస్తాడు. "రేపు ఎవడో విప్పాల్సొస్తుంది. వాడికి కొస దొరకాలి. దాచిపెట్టే పని మన పని కాదు" అంటాడు. నాన్నకు అంత ఓపిక లేదు. పళ్లతో తెంపి, బొటనవేలితో నొక్కేస్తాడు.

పెట్టెను నాన్నే స్కూటరు మీద పెట్టుకుని వెళ్లి, స్కూలు హాల్లో బల్ల మీద దింపి షాపుకు వెళ్లిపోయాడు. పిడుగుతో కలిసి నడిచొచ్చిన తాతయ్య పెట్టె వెనక వంగి ఏదో సర్దాడు. ఇంతలో పిల్లల ఇంటివాళ్లంతా బయటికి వెళ్లాలని గంట కొట్టారు. ఆయన గేటు దగ్గరికి నడిచాడు.

న్యాయనిర్ణేతగా కాలేజీ నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చింది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి చూసే మనిషి. పక్కనే సైన్స్ మేడమ్. పిడుగు గొంతు సవరించుకుంది.

"దీనికి మోటారు లేదు మేడమ్. కరెంటు లేదు. గాలే నీళ్లను పైకి నెడుతుంది. నాలుగు నిమిషాలు ఆడి అదే ఆగిపోతుంది. మీరే చూడండి."

మగ్గుతో తొట్టిలో నీళ్లు పోసింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత నీళ్లు లేచాయి. ఇంట్లో జానెడు లేచేవి, ఇవాళ మూరెడు లేచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పిడుగు మొహం వెలిగిపోయింది.

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. మధ్య సీసాలో నీళ్లు తగ్గడం లేదు. తగ్గాలి కదా, పైకి లేచేవి ఆ నీళ్లే కదా! పిడుగు గోడ గడియారం చూసింది. మూడు నిమిషాలు. నాలుగు. ఫౌంటెన్ హుషారుగా ఆడుతూనే ఉంది. ఐదు. ఇన్నాళ్లూ అది ఆడితే చాలని మొక్కుకున్న పిల్ల, ఇప్పుడు అది ఆగితే చాలని మొక్కుకుంది. ఆరు.

"ఆగుతుందన్నావు కదమ్మా?" అంది లెక్చరరమ్మ.

పిడుగు పెట్టెకు చెవి ఆనించింది. లోపల సన్నగా జుయ్‌మని చప్పుడు. నీలం కాగితం చించింది. సీసాలో మోటారు, పక్కన బ్యాటరీ, రెంటికీ మధ్య వైరు.

"మోటారు లేదన్నావే!"

"నేను పెట్టలేదు మేడమ్."

"మరి దానంతట అదే నడిచొచ్చిందా?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వు దగ్గరే పిడుగుకు తల కొట్టేసినట్టయింది. సైన్స్ మేడమ్ నవ్వలేదు. బల్ల మీద పేరు రాసిన అట్టను తీసి బోర్లా పెట్టింది. "ఓడిపోతే ఏమీ అనకపోదును. అబద్ధం చెప్పావు చూడు, అదే బాధగా ఉంది. సోమవారం మీ ఇంట్లోవాళ్లను తీసుకురా" అంది.

గేటు దగ్గర తాతయ్య ఎదురొచ్చాడు. "ఏమే, ఆగకుండా ఆడిందా?"

పిడుగు పెట్టె ఎత్తుకుని ఆయన్ను దాటి వెళ్లిపోయింది. ఆ పిల్ల నోరు మూసుకుని నడవడం ఆ వీధి మొదటిసారి చూసింది.

సాయంత్రం నాన్న చెప్పులు విప్పకముందే మోటారు ఆయన కాళ్ల దగ్గర పడింది.

"ఇది నీదే కదూ?"

నాన్న వంగి దాన్ని తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అలమారవైపు చూశాడు.

"ఎక్కడ దొరికిందే?"

"నా ఫౌంటెన్‌లో! వద్దని చెప్పానా లేదా? పెట్టనని అన్నావా లేదా? అందరి ముందూ మోటారు లేదని చెప్పాను నాన్నా. గట్టిగా చెప్పాను. అందరూ నవ్వారు. నేను అబద్ధాలకోరునట!" ఏడుపు తన్నుకొచ్చింది. "కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?"

అది అమ్మ ఎప్పుడూ వాడే సామెత. పిల్ల నోట అది విని అమ్మ మిషను ఆపి లేచొచ్చింది.

నాన్న అన్నం ముందు కూర్చున్న తాతయ్యవైపు ఒకసారి చూశాడు. తాతయ్య కంచంలోకి చూస్తున్నాడు, తలెత్తలేదు. చెయ్యి కంచం అంచు మీద సన్నగా టకటకమంటోంది.

"అవును. నేనే పెట్టాను. బాగా ఆడాలని..." అన్నాడు నాన్న.

"మీకేమైనా బుద్ధుందా అండీ?" అమ్మ విరుచుకుపడింది. "రెండు వారాల నుంచి పిల్ల నిద్రలో కూడా సీసాలూ గొట్టాలూ అని కలవరిస్తోంది. మీ మోటారు సరదాకి దాని పరువు తీస్తారా? సోమవారం ఆ మేడమ్ ముందు మీరే నిలబడి సమాధానం చెప్పండి!"

"చెప్తాను."

"నీతో ఇంక మాట్లాడను. ఎప్పటికీ" అంది పిడుగు.

తాతయ్య ఆకలి లేదని చెయ్యి కడుక్కున్నాడు.

శనివారమంతా ఆ ఇంట్లో కుట్టుమిషను తప్ప ఏదీ మాట్లాడలేదు. నాన్న పిడుగు సైకిలుకు గాలి కొట్టి పెట్టాడు. పిడుగు నడిచి వెళ్లింది. నాన్న అరటిపండు ఒలిచి ఇచ్చాడు. అది బల్ల మీదే నల్లబడింది. అమ్మ ఆయనకు టీ ఇచ్చింది గానీ, గ్లాసు పెట్టిన చప్పుడుకు పక్కింటి పిల్లి లేచిపోయింది. తాతయ్య మాత్రం కుక్కిన పేనులా తన మంచం మీద కూర్చున్నాడు. ఆయన కూడా తన బాధే పడుతున్నాడని పిడుగు అనుకుంది. దగ్గరికి వెళ్లి భుజానికి ఆనుకుని, "మన ఇద్దరి కష్టం నాన్న పాడు చేశాడు తాతయ్యా" అంది. తాతయ్య దాని తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున పిడుగు ఆ సీసాలన్నీ చెత్తలో పడేద్దామని వరండాలో కూర్చుంది. పెట్టె చింపింది. మోటారు పీకేసిన చోట బ్యాటరీకి వైరును కలుపుతూ నల్ల టేపు చుట్టి ఉంది. కొస కోసం గోరు పెట్టబోయింది. గోరు పెట్టాల్సిన పని లేకపోయింది. కొస దొరికింది. అర అంగుళం వెనక్కి మడిచిన చిన్న చెవి.

పిడుగు ఆ చెవిని చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి టీవీ రిమోట్ తెచ్చుకుని పక్కన పెట్టుకుంది. దాని మీద నాన్న చుట్టిన టేపుకు కొస ఎక్కడుందో ఇప్పటికీ తెలియడం లేదు. వైరు మీద టేపు నీటుగా, మడతతో, విప్పేవాడి కోసం ఎదురుచూస్తోంది.

గేటు దగ్గర తాతయ్య అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎలా ఆడిందని అడగలేదు. ఆగకుండా ఆడిందా అని అడిగాడు.

తాతయ్య పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. పాత కుళాయి విప్పి మళ్లీ బిగించే ప్రయత్నంలో ఉన్నాడు. పిడుగు వైరు ముక్కను ఆయన మోకాలి మీద పెట్టింది.

"ఈ మడత ఎవరిది తాతయ్యా?"

తాతయ్య దాన్ని చూశాడు. పానా చేతిలోంచి జారి రాతి మీద పడింది. తియ్యబోయాడు. వేళ్లు వణికి పట్టు చిక్కలేదు.

"చెప్పు."

"నాదే" అన్నాడు. గొంతులో నలభై ఏళ్ల ప్లంబరు లేడు, ముసలివాడు మాత్రమే ఉన్నాడు. "శుక్రవారం తెల్లవారుజామున లేచి ఆడించి చూశానే. బెత్తెడు లేచి పడిపోయింది. సబ్బు నురగ రాసి ప్రతి జాయింటూ చూశాను. నువ్వు మైనం పెట్టినవన్నీ గట్టిగా ఉన్నాయి. నాది బుడగలు కక్కింది. నాదొక్కటే. మళ్లీ బిగిద్దామంటే చెయ్యి నిలవలేదు. నాలుగుసార్లు చూశాను."

"నన్ను లేపొచ్చుగా! నేను బిగించేదాన్నిగా!"

"నా జాయింటు కారదని నీకు చెప్పుకున్నానే. ఏ మొహం పెట్టుకుని లేపను? అలమారలో ఆ మోటారు కనిపించింది. కింది సీసాలో పెడితే, దిగిన నీళ్లను అదే గాలి గొట్టంలోంచి మళ్లీ పైకి తోసింది. నీళ్లు ఆగకపోతే ఎవరైనా మెచ్చుకుంటారనుకున్నాను. నా బతుకంతా అంతే కదా, నీళ్లు ఆగితే తిట్లు, ఆగకపోతే దండం. ఆగడమే నీ ప్రాజెక్టని నువ్వు వందసార్లు చెప్పావు. నా చెవికెక్కలేదు."

"అది సరే. నాన్నను అమ్మ తిడుతుంటే? నేను మాట్లాడనంటే? నిన్న నీ భుజం మీద తల పెట్టుకుని నాన్న మీద చాడీలు చెప్తుంటే విన్నావుగా తాతయ్యా! విని ఊరుకున్నావు!" పిడుగు ఇప్పుడు అరవడం లేదు, అందుకే మాటలు ఇంకా గట్టిగా తగిలాయి. "స్కూల్లో వాళ్లు నవ్వితే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏడుపు కూడా రావట్లేదు. నువ్వు చెప్పింది ఏదైనా నిజమని అనుకునేదాన్ని."

తాతయ్య కళ్లు తుడుచుకోలేదు. చెంపల మీద కారిపోతున్నా వదిలేశాడు.

పెరటి గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన వెనక అమ్మ, చేతిలో ఇంకా దారం రీలుతో.

"నీకు ముందే తెలుసా నాన్నా?" రెండు రోజుల తర్వాత పిడుగు ఆయనతో అన్న మొదటి మాట అది.

"మోటారు చూడగానే తెలిసింది."

"మరి నువ్వే పెట్టానని ఎందుకన్నావు? నేను అన్ని మాటలంటుంటే!"

"నీకు నేను నాన్నని. ఆయన నాకు నాన్న" అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పడం ఆయనకు చేతకాలేదు.

పిడుగు పరుగెత్తుకెళ్లి ఆయన నడుం చుట్టేసింది. రాదనుకున్న ఏడుపు అప్పుడొచ్చింది, చొక్కా తడిసిపోయేంత. అమ్మ అరుగు మీద చతికిలబడి, "నిన్నటి టీ గ్లాసుకు క్షమించండి" అంది భర్తతో. ఏడుస్తూనే నవ్వింది.

కాసేపటికి తాతయ్య పీట మీద నుంచి లేచాడు. "రేపు స్కూలుకి నేనొస్తా. నువ్వు కాదురా" అన్నాడు కొడుకుతో. తర్వాత మనవరాలివైపు తిరిగి చేతులు రెండూ చాపి చూపించాడు. జేబుల్లో, తువ్వాలు కింద, టీ గ్లాసు చుట్టూ ఇన్నాళ్లూ దాచిన చేతులు. అవి ఆకుల్లా వణుకుతున్నాయి. "ఇవి ఇంక జాయింటు పట్టవు. నువ్వు బిగిస్తావా? ఎలాగో నేను చెప్తాను."

పిడుగు వెంటనే ఒప్పుకోలేదు. ముక్కు చీది, ఆ చేతులను చూసి, నాన్న మొహం చూసింది. "నా కోపం ఇంకా పోలేదు" అంది. అని, వరండాలోకి వెళ్లి సీసాలు ఏరింది.

మధ్యాహ్నమంతా పట్టింది. మూడుసార్లు బుడగలొచ్చాయి. "తొందరపడకు, మైనం చల్లారనీ. ఇప్పుడు దారం కుడివైపు నుంచి చుట్టు" అని తాతయ్య చెబుతూ పోయాడు. ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. నాలుగోసారి సబ్బు నురగ కదలకుండా నిలిచింది.

సోమవారం ఏడో తరగతి గదిలో ముందు మాట్లాడింది తాతయ్యే. చేతులు జేబుల్లో పెట్టుకోలేదు.

"ఈ పిల్ల అబద్ధం చెప్పలేదు మేడమ్. దానికి తెలియకుండా దాని చేత నేను చెప్పించాను. నా జాయింటు కారింది. ఆ సంగతి ఒప్పుకోలేక మోటారు పెట్టాను. నవ్వాలనుకుంటే నన్ను చూసి నవ్వండి బాబూ."

ఎవరూ నవ్వలేదు. పిడుగు పెట్టె లేకుండా, కాగితం లేకుండా, మూడు సీసాలూ అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టింది. తొట్టిలో నీళ్లు పోసింది. ఫౌంటెన్ జానెడు లేచింది, అంతే. మధ్య సీసాలో నీళ్లు వేలెడు వేలెడుగా తగ్గాయి. గది మొత్తం గడియారం చూస్తోంది. మూడు నిమిషాలు. మూడున్నర. తాతయ్య పెదవులు కదులుతున్నాయి. బతుకంతా నీళ్లు ఆగకూడదని కోరుకున్న మనిషి, ఆగమని కోరుకుంటున్నాడు.

నీటి ధార బెత్తెడైంది. బుడగలు కక్కింది. ఆగిపోయింది.

పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. ఆరోజు బోర్లా పెట్టిన పేరు అట్టను మేడమ్ తర్వాత సొరుగులో పడేసింది. ఇప్పుడు దాన్ని తీసి బల్ల మీద నిలబెట్టింది. బహుమతులు శుక్రవారమే ఇచ్చేశారు, ఇంక చెయ్యగలిగింది లేదు. "నేను కూడా ఆరోజు వెంటనే పేరు తిప్పెయ్యకుండా ఉండాల్సింది" అంది పిడుగుతో, అందరికీ వినపడేలా.

తిరిగి వచ్చేటప్పుడు తాతయ్య రెండడుగులు వెనకే నడిచాడు. రోడ్డు దాటే చోట పిడుగు ఆగింది. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపింది. వణికే వేళ్లు వచ్చి దాని అరచేతిలో చేరాయి. గట్టిగా పట్టుకుంటే వణుకు కొంచెం తగ్గుతుందని దానికి అప్పుడు తెలిసింది.

"ఇకనుంచి జాయింట్లు నావి" అంది.

"మరి నావి?"

పిడుగు ఆలోచించింది. కోపం ఇంకా కొంచెం ఉంది, అందుకే అటు తిరిగి చెప్పింది.

"టేపు మడత నీదే. అది మాత్రం ఎప్పుడూ మానకు తాతయ్యా."

ఇద్దరూ బస్సు వెళ్లేదాకా ఆగి, రోడ్డు దాటారు.